చెలకకు పోయే సైకిల్

మా ఇంట్లో ఫ్యాక్టరీ అనే మాట పలికేవాళ్ళం కాదు. పొద్దున నేను డ్యూటీకి వెళ్ళాక ఎవరైనా వచ్చి పెద్దోడు ఏడీ అని అడిగితే మా అమ్మ "చెలకకు పోయిండు" అని చెప్పేది. కొత్తవాళ్ళు నేను జొన్న కలుపుకో కంది కోతకో పోయాననుకునేవాళ్ళు. ఆమె అబద్ధం చెప్పేది కాదు. పటాన్‌చెరు అవతల ఆమెకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నాలుగెకరాల చెలక ఉండేది. బావి లేదు, వాన పడితేనే పంట. ఫ్యాక్టరీల కోసం తీసుకున్న భూముల్లో అది కూడా పోయింది. భూమి పోయిన ఇంటికి ఒక నౌకరి ఇస్తామన్నారు. మా నాయన అప్పటికే చనిపోయాడు, తమ్ముడు బడిలో ఉన్నాడు, అందుకని ఆ నౌకరి నాకు వచ్చింది. చెలక పోయిందని అమ్మ మాత్రం ఏనాడూ ఒప్పుకోలేదు.

"యాడికి పోయింది? ఆడనే ఉన్నది గద. అప్పుడు జొన్న పండింది, ఇప్పుడు ఇనుము పండుతున్నది. మా పెద్దోడు పోయి కోసుకొస్తున్నడు," అనేది.

మేముండేది వెలిమెలలో. అక్కడినుంచి ఆ చెలకకు పది కిలోమీటర్ల పైమాటే. సగం మట్టిబాట, సగం లారీలు తిరిగే తారు రోడ్డు. ఎనభైల మధ్యలో మా వైపు బస్సును నమ్ముకున్నవాడు మొదటి షిఫ్టు అందుకోవడం కల్ల. నాయన వదిలి వెళ్ళిన నల్ల సైకిలే నాకు దిక్కయింది. ఇరవై నాలుగు అంగుళాల ఫ్రేము, రెండు బార్లు, వెనక ఇనుప క్యారియరు, ఇనుప కడ్డీల బ్రేకులు. గడ్డిమోపులు మోయడానికి చేసిన బండి అది, మనిషిని మోయడం దానికి చిన్నతనం. ఎదురుగాలిలో తొక్కుతుంటే గోడను తోస్తున్నట్టు ఉండేది. బ్రేకు వేయాలంటే పిడికిలి మొత్తం బిగించాలి.

నా పని ఫెట్లింగ్ సెక్షన్‌లో. అచ్చులో పోత పోసి తీసిన ఇనుప సామానుకు అంచుల్లో పిచ్చి ఇనుము మిగిలి ఉంటుంది. దాన్ని గ్రైండరుతో అరగదీయాలి, లొంగనిచోట గాలి సుత్తితో కొట్టి రాల్చాలి. గాలి సుత్తి అంటే మనం ఎత్తి కొట్టేది కాదు. పట్టుకుని ఆనిస్తే చాలు, అదే కొడుతుంది, మనల్ని కూడా కలిపి కొడుతుంది. మొదటి ఏడాది షిఫ్టు అయ్యాక కూడా ఆ అదురు చేతుల్లో ఇంటిదాకా వచ్చేది. రెండో ఏడాది నుంచి రావడం మానేసింది. పోనీలే, అలవాటైంది అనుకున్నాను. అలవాటు కాదు. వేడన్నం కలిపితే వేడి తెలిసేది కాదు. చొక్కా గుండీలు వంగి చూసుకుంటూ పెట్టుకోవలసి వచ్చేది.

భయం వేసిందా అని అడిగితే, లేదనే చెప్పాలి. భయపడాలని తెలుసు, రేషన్ షాపుకు పోవాలని తెలిసినట్టు తెలుసు. మొద్దుబారడం వేళ్ళతో మొదలై ఎంతవరకు పోయిందో నాకే తెలియని రోజులవి. పండక్కి నవ్వు రాదు, తిడితే కోపం రాదు. అప్పట్లో నన్ను చాలామంది నెమ్మదస్థుడని మెచ్చుకున్నారు.

మూడో చలికాలంలో ఒక పొద్దున మట్టిబాట మీద వెళ్తున్నాను. చల్లటి ఇనుప హ్యాండిలు పట్టుకుంటే నా వేళ్ళు సున్నం పూసినట్టు తెల్లబడుతున్నాయి, రెండో కణుపుదాకా. అది అప్పటికి రోజూ జరిగేదే. ముందు ఒక ఎడ్లబండి ఆగింది. బ్రేకు వేశాను. సైకిల్ ఆగలేదు. బండి వెనక కర్రకు నా గడ్డం తగిలాక చూసుకుంటే నా వేళ్ళు బ్రేకు మీదే ఉన్నాయి. ఆనుకుని ఉన్నాయి, అంతే. నొక్కాననుకున్నది నేను, నొక్కనిది అవి.

ఆ రోజు గడ్డానికి గుడ్డ కట్టుకుని ఫ్యాక్టరీకి పోతే, మా సెక్షన్‌లో నాకు పక్క బల్ల మీద పనిచేసే ఆయన చూశాడు. ఆయనది గుంటూరు వైపు. నాకంటే పదేళ్ళు పెద్ద. ఇక్కడ పనులు దొరుకుతాయని పెళ్ళాం పిల్లలతో వచ్చి రామచంద్రాపురంలో అద్దెకుంటున్నాడు. సైకిళ్ళంటే పిచ్చి. ఆదివారం వస్తే సన్న చక్రాల రేసింగ్ సైకిల్ వేసుకుని మంజీర దాకా వెళ్ళి వచ్చే మనిషి. ఎడ్లబండి సంగతి చెబితే ఆయన నా మాట వినకుండా నా చేతులు తిప్పి చూశాడు. తర్వాత తన చేతులు నా ముందు పెట్టాడు. అవీ అంతే.

"ఇది అందరికీ ఉందయ్యా. నీకు మూడేళ్ళకి వచ్చింది, నాకు రెండేళ్ళకే వచ్చింది," అన్నాడు. "అదిగో ఆ చివర బల్ల మనిషి ఏమయ్యాడు? చేతులు పనిచెయ్యట్లేదని ఆఫీసులో చెప్పుకున్నాడు. పని చేతకాదు అని రాసి గేటు బయట నిలబెట్టారు. ఎవరడిగినా సైకిల్ తొక్కి తిమ్మిరెక్కిందని చెప్పు. నేనూ అదే చెప్తా."

కొన్నాళ్ళకు గమనించాను, మా సెక్షన్‌లో అందరూ అదే చెబుతున్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఒక్కో మనిషీ తన సైకిల్‌ను తిట్టుకునేవాడు. ఇంతమందికి ఇన్ని చెడ్డ సైకిళ్ళు ఎక్కడ దొరికాయని ఏ అధికారీ అడగలేదు.

అమ్మకు మాత్రం నేను చెప్పకుండానే తెలిసింది. ఒక పొద్దున పాలు తోడుపెట్టడానికి దించిన గిన్నె పొయ్యి పక్కనుంచి జరపమంది. నేను ఉత్త చేతులతో ఎత్తి పక్కన పెట్టాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"కాలలేదారా?"

"లేదమ్మా."

దగ్గరికి వచ్చి నా వేళ్ళు చూసింది. అప్పుడే బయటినుంచి వచ్చాను, ఇంకా తెల్లగా ఉన్నాయి. చేయి పట్టుకోబోయి ఆగిపోయింది. ఆ రోజుల్లో మా ఊరి బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉండేది: స్పర్శలేని మచ్చ కుష్ఠు కావచ్చు, చికిత్స చేయించుకోండి. అమ్మకు చదువు రాదు గాని ఆ గోడ మీద ఏం రాసి ఉందో ఊళ్ళో అందరికీ తెలుసు. మా వైపు దాని పేరు కూడా నోటితో అనరు, పెద్దరోగం అంటారు. అమ్మ ఆ మాట కూడా అనలేదు. మర్నాటినుంచి నా గ్లాసు, నా పళ్ళెం విడిగా దండెం కింద ఎండలో ఉండేవి. తమ్ముడు నా టవలు తీసుకుంటే లాక్కుని తిట్టింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పలేదు. అప్పటికి నాకు ఒక సంబంధం మాట్లాడుతున్నారు, దాన్ని ఆమే ఏదో వంక చెప్పి ఆపేసింది.

విడిగా పెట్టిన ఆ గ్లాసులో నేను ఆరు వారాలు చాయ తాగాను. కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఇప్పుడు రాస్తుంటే కోపం వస్తున్నది, ఆమె మీద కాదు.

చివరకు ఒక వారపు సెలవు రోజు నన్ను బస్సెక్కించి సంగారెడ్డి తీసుకుపోయింది. తెలిసినవాళ్ళెవరూ కనపడకూడదని కొంగు నెత్తిమీదికి లాక్కుని కూర్చుంది. అక్కడ ఒక సందులో చిన్న దవాఖాన. డాక్టరు కుర్రవాడే, మర్యాదస్థుడు. నా చొక్కా విప్పించి వీపు, చెవులు, మోచేతుల దగ్గర నరాలు అన్నీ చూశాడు. తర్వాత కళ్ళు మూసుకొమ్మని, దూది తాకినప్పుడల్లా చెప్పమన్నాడు. నేను కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. ఎంతసేపటికీ మొదలుపెట్టడం లేదని కళ్ళు తెరిచాను. ఆయన అప్పటికే కుడిచేయి ముగించి ఎడమచేతి దగ్గర ఉన్నాడు.

"మచ్చలు లేవు, నరం ఉబ్బలేదు. మీరనుకునే రోగం కాదమ్మా ఇది," అన్నాడు.

అమ్మ నిలబడ్డచోటే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆరు వారాలుగా ఆపుకున్నది. డాక్టరు మెల్లగా అడిగాడు, ఏం పని చేస్తావు అని. నన్నే అడిగాడు గాని ఆమె సంతోషంలో ఉంది, ఆమే జవాబిచ్చింది.

"మా చెలకల్నే జేస్తడు సారూ. నాలుగెకరాలున్నది మాది."

డాక్టరు తల ఊపాడు. వ్యవసాయం అని కాగితం మీద రాసుకోవడం నేను చూశాను. మరి చేతులకు ఇంత ఒత్తిడి ఎక్కడ పడుతున్నదబ్బా అని తనలో తాను అనుకుని, చెలకకు ఎలా వెళ్తావని నన్ను అడిగాడు.

"సైకిల్ మీద సార్. రానుపోను ఇరవై కిలోమీటర్లు దాటుతది."

ఆయన ముఖం తేటపడింది. దొరికిందన్నట్టు నవ్వాడు. హ్యాండిలు మీద బరువు వేసి తొక్కితే అరచేతిలో నరం నలుగుతుంది, వేళ్ళకు తిమ్మిరి వస్తుంది, సైకిల్ మార్చు, సీటు సరిచేసుకో, చలిలో చేతులకు ఉన్ని తొడుగు వేసుకో అన్నాడు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు, ఆయనకు చెప్పినదాన్నిబట్టి. సరిదిద్దడానికి నాకు నోరు ఉంది, తెరవలేదు. తెరిస్తే అది ఆఫీసుదాకా పోతుంది, ఆఫీసుదాకా పోతే నౌకరి పోతుంది, నౌకరి పోతే అమ్మ చెలక రెండోసారి పోతుంది. ఈ లెక్క అక్కడ కూర్చుని వేసుకున్నానని చెప్పను. లెక్క నాలో ఎప్పుడో అయిపోయి ఉంది, నోరు దాని ప్రకారం మూసుకుని ఉంది.

బస్టాండుకు వస్తూ అమ్మ దారిలో నా చేయి పట్టుకుంది. ఆరు వారాల తర్వాత. పట్టుకున్నదని కంటితో చూసి తెలుసుకున్నాను.

"ఇగ ఆ ముదనష్టపు సైకిల్ తొక్కకు బిడ్డా. మీ నాయనది గదా అని ఊకున్న. కొత్తది తెచ్చుకో," అన్నది.

అలా నా సైకిల్ ఎంపిక మొదలైంది. గుంటూరాయనను వెంటబెట్టుకుని పటాన్‌చెరులో ఒక సైకిల్ దుకాణానికి పోయాను. దుకాణం చాచా నన్ను కిందినుంచి పైదాకా చూసి, "మజ్బూత్ బండి గావాల్నా, తేజ్ బండి గావాల్నా? రెండు ఒక్కదాంట్ల దొర్కయ్ భయ్," అన్నాడు. గట్టిదనమూ వేగమూ ఒకే బండిలో ఉండవని. సైకిళ్ళ గురించి ఇంతకంటే తెలివైన మాట నేను తర్వాతెప్పుడూ వినలేదు.

ఆయన దగ్గర మూడు రకాలున్నాయి. మా నాయనదాని లాంటి నల్ల బరువు బండి ఒకటి. తిన్న హ్యాండిలు, వైరు బ్రేకులు, మధ్యరకం చక్రాలతో తేలిక బండి ఒకటి. పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలుతో రేసింగ్ బండి ఒకటి. గుంటూరాయనకు మూడోదాని మీదే కన్ను. దాన్ని తొక్కితే గాలి మన పక్కనుంచి జారిపోతుందయ్యా అని ఒకటే ఊరించాడు. కాని పెళ్ళి చూపుల్లో పెద్దమనిషిలాగా పరీక్షలన్నీ పద్ధతిగా చేయించాడు. ముందు బారుకు అటూ ఇటూ కాళ్ళు వేసి నిలబడమన్నాడు, బారుకూ మనకూ రెండు వేళ్ళ సందు ఉండాలట. పెడలు కిందికి పోయినప్పుడు మోకాలు కొంచెం వంగి ఉండాలట. తర్వాత మోచేయి సీటు ముక్కుకు ఆనించి చేయి ముందుకు చాపమన్నాడు.

"వేళ్ళు హ్యాండిల్‌ని తాకాలి. తాకాయా?" అని అడిగాడు.

నేను తల తిప్పి చూసి, తాకాయని చెప్పాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన తన సైకిల్ కొన్నప్పుడు కూడా అలాగే చూసే చెప్పి ఉంటాడు.

చివరకు ఆయన ఊరింపుకు లొంగి రేసింగ్ బండే తీసుకున్నాను, డాక్టరు చెప్పినదానికి సరిగ్గా వ్యతిరేకం అది. దాని మీద మనిషి వంగి మొత్తం బరువు చేతుల మీదే వేస్తాడు. అందుకని చాచాతో కొమ్ములు పైకి తిప్పించాను. కొమ్ములకు పాత ట్యూబు చీల్చి చుట్టించాను. సన్న చక్రాలు మా మట్టిబాటకు ఆగవని మధ్యరకం చక్రాలు వేయించాను. "రేసింగ్ బండిని తీస్కపోయి ఎద్దును జేసినవ్," అన్నాడు చాచా. నిజమే. మజ్బూత్ కాదు, తేజ్ కాదు, రెండిటి మధ్య ఏదో. కాని వైరు బ్రేకులు, పిడికిలి బిగించే పని లేదు. ఎంత నొక్కానో వేళ్ళకు తెలియకపోయినా రబ్బరు రిమ్ముకు రాసుకునే చప్పుడు వినిపించేది. ఆ చప్పుడునుబట్టి బ్రేకు వేయడం నేర్చుకున్నాను. గుంటూరాయన కూడా అంతేనట. ఎదురుగాలి హోరున ఉన్న రోజు ఇద్దరం మెల్లగా పోయేవాళ్ళం.

ఆదివారాలు ఆయనతో కలిసి వెళ్ళడం మొదలుపెట్టాను. పొద్దెక్కాక బయలుదేరి ఒకసారి అమీన్‌పూర్ చెరువు, ఒకసారి సంగారెడ్డి అవతలి మంజీర. కందిచేల మధ్యనుంచి పోతుంటే, చెరువు గట్టున చాయ తాగుతుంటే, మధ్యాహ్నానికి నా వేళ్ళలో కొంచెం ప్రాణం వచ్చేది. చీమలు పాకినట్టు, తర్వాత మంటగా. ఆ మంట నాకు ఎంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పేవాణ్ణి, సైకిల్ మార్చాక బాగుందమ్మా అని. మెచ్చుకోవలసింది సెలవు రోజును. మేమిద్దరం సైకిల్‌ను మెచ్చుకున్నాం. ఆమె దసరాకు దానికి పసుపు రాసి, నిమ్మకాయ కట్టి, కొబ్బరికాయ కొట్టింది. సోమవారం సాయంత్రానికి వేళ్ళు మళ్ళీ కట్టెలే.

అలా నాలుగేళ్ళు గడిచాయి. తమ్ముడు పదో తరగతి పాసై, రెండేళ్ళు ఇంటర్ చదివి, తప్పి, ఇంట్లో ఉన్నాడు. ఒకరోజు మా ఫోర్‌మన్ పిలిచి, ఫెట్లింగ్‌లో మనుషులు కావాలి, భూమి పోయినవాళ్ళ ఇళ్ళలో ఇంకొకరిని తీసుకుంటున్నారు, మీ తమ్ముణ్ణి పంపుతావా అన్నాడు. ఇంటికొచ్చి చెప్పకుండా ఉంటే సరిపోయేది. కాని ఆ మాట నాకంటే ముందే ఊరికి చేరింది.

అమ్మ అరుగు మీద చేటలో పెసలు చెరుగుతున్నది. నన్ను చూడగానే చేట పక్కన పెట్టింది. ఆమె ముఖంలో అంత వెలుగు నాయన పోయినప్పటినుంచి చూడలేదు.

"ఇద్దరు కొడుకులు చెలకల! నాలుగెకరాలకు ఇద్దరు మొగోళ్ళు. మా నాయన ఉంటే సూసేటోడు," అన్నది.

"అమ్మా," అన్నాను.

"ఏంది బిడ్డా?"

ఆ క్షణం నాకు ఇప్పటికీ స్పష్టంగా ఉంది. తమ్ముడు వాకిట్లో బర్రెకు నీళ్ళు పెడుతున్నాడు. నేను చెప్పవలసింది ఒకే ఒక వాక్యం: నా చేతులు పోయింది సైకిల్‌తో కాదు, వాణ్ణి పంపొద్దు. అది చెబితే వాడి చేతులు మిగులుతాయి. అది చెబితే అమ్మకు ఆ చెలకలో ఏం పండుతున్నదో తెలుస్తుంది, ఆ దవాఖానలో ఆమె నోటితో ఆమె ఏం చెప్పిందో కూడా తెలుస్తుంది. నేను గొంతు సవరించుకున్నాను. ఆమే ముందు అందుకుంది.

"నాకు ఎర్కనే నువ్వేమంటవో. నీకైనట్టు చిన్నోనికి గావద్దు. పాత సైకిల్ మీద పంపి నీ చేతులు నేనే పాడుజేసిన. వానికి ముందుగాల్నే మంచి సైకిల్ కొనియ్యి. నీకు బాగ తెలుసు గద, నువ్వే సూసి కొనియ్యి."

"సరే," అన్నాను.

అంతే. ఎవరూ నా నోరు నొక్కలేదు, ఎవరూ బెదిరించలేదు. సరే అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు కూడా నాలో ఏమీ కదల్లేదు. అదే నన్ను ఈనాటికీ కోస్తున్నది.

మరుసటి ఆదివారం తమ్ముణ్ణి చాచా దుకాణానికి తీసుకుపోయాను. వాడు తలుపులోంచే ఎర్రరంగు రేసింగ్ బండిని చూసి అక్కడే నిలిచిపోయాడు. దాని గంట కొట్టాడు, పెడలు వెనక్కి తిప్పి చక్రం చప్పుడు విన్నాడు, తిరిగే రిమ్ము మీద వేలు పెట్టి చక్కిలిగిలి పుట్టినట్టు నవ్వాడు. నేను మిగతావేవీ చూడలేదు. గుంటూరాయన నేర్పిన పరీక్షలు చేయించలేదు. ఫ్రేము, సీటు, గొలుసు ఏవీ పట్టించుకోలేదు. బ్రేకులు చూశాను. చాచాతో వైర్లకు నూనె పెట్టించి, గట్టి స్ప్రింగులు తీసి మెత్తటివి వేయించాను. ముందుకంటే ఇంకొంచెం, ఇంకొంచెం అని మూడుసార్లు చేయించాను. రిమ్ముకు తాకితే బాగా చప్పుడయ్యే రబ్బర్లు ఏరి వేయించాను.

చాచాకు విసుగొచ్చింది. "పడుచు పోరడు, గింత నరమ్ బ్రేకు ఏం జేస్కుంటడు? ముసలోళ్ళు అడుగుతరు గిసొంటిది," అన్నాడు.

నరమ్ అంటే ఆయన భాషలో మెత్తన. నాకు మాత్రం డాక్టరు చెప్పిన నరమే వినిపించింది.

తమ్ముడు బ్రేకు పట్టి చూసి మొహం చిట్లించాడు. "అన్నా, తాకితే సాలు ఆగుతున్నది. నేను ముందుకు ఎగిరి పడ్త. జెర గట్టిగ చెయ్యమను."

"ఉండనీ తమ్మీ. అలవాటైతది," అన్నాను.

వాడు మొదటి వారంలో నిజంగానే రెండుసార్లు హ్యాండిలు మీదినుంచి ఎగిరి పడ్డాడు. మోకాళ్ళు గీరుకుపోయి వచ్చి నన్ను నవ్వుతూ తిట్టాడు. అమ్మ పసుపు అద్దింది. పెద్దోడు ఏది చేసినా ఆలోచించే చేస్తడు అని వాణ్ణే కోప్పడింది. రోజూ ఇద్దరం కలిసి బయలుదేరేవాళ్ళం, వాడు ముందు, నేను వెనక. ఎవరైనా అడిగితే "ఇద్దరు చెలకకు పోయిన్రు" అని అమ్మ చెప్పడం వీధి మలుపుదాకా వినిపించేది.

రెండు చలికాలాలు పోయాయి. వాడు నాతో ఏమీ అనలేదు, నేను అడగలేదు. గుండీలు పెట్టుకునేటప్పుడు వాడు వంగి చూసుకోవడం ఒకరోజు కనబడితే ముఖం తిప్పుకున్నాను. గుంటూరాయన అప్పటికి పని మానేసి సొంతూరు వెళ్ళిపోయాడు. ఆదివారాలు తమ్ముడే నాకు తోడు.

చలి కొరికే ఒక ఆదివారం పొద్దున మంజీర వైపు పోతుంటే కంది ఊరు దాటాక వాడి వెనక చక్రం గాలి పోయింది. రోడ్డు పక్కన దించి, టైరు ఊడదీసి, ట్యూబుకు చిల్లి దొరకబట్టాడు. అతికే ముందు టైరులో ముల్లు ఇంకా ఉందేమో చూడాలి, లేకపోతే మళ్ళీ గుచ్చుకుంటుంది. అందుకు టైరు లోపల వేళ్ళతో తడుముతూ చుట్టూ ఒకసారి రావాలి. వాడు తడిమాడు. ఒక చుట్టు తిరిగి, రెండో చుట్టు కూడా తిరిగాడు.

"ముల్లు లేదన్నా," అన్నాడు.

టైరు లోపల ఎర్రగా గీత పడి ఉంది. వాడి చూపుడువేలి నుంచి రక్తం కారుతున్నది. వాడు నా చూపును పట్టుకుని తన వేలు చూసుకున్నాడు. వేళ్ళు రెండో కణుపుదాకా తెల్లగా ఉన్నాయి, ఆ తెలుపు మీద రక్తం. చాలాసేపు చూసుకున్నాడు, ఎవరిదో చేయి చూసినట్టు. తర్వాత పక్కన పడి ఉన్న సైకిల్ వైపు చూశాడు. లేచి వెళ్ళి బ్రేకు పిడిని ఒక్క వేలితో తాకాడు. రబ్బరు చప్పుడు చేస్తూ రిమ్ముకు అంటుకుంది.

"గిది కొన్ననాడే నీకు ఎర్కనా అన్నా?"

లారీలు పోతున్నాయి. వినపడనట్టు ఉండిపోవచ్చు. అన్నేళ్ళలో మొదటిసారి నాకు ఒళ్ళంతా తెలిసింది, సిగ్గుతో చెవులదాకా కాలిపోయింది.

"ఎర్కనే," అన్నాను.

వాడు తిట్టలేదు. తిడతాడని, కొడతాడని కూడా అనుకున్నాను, కొడితే బాగుండునని అనుకున్నాను. కూర్చుని నా చేతికి టైరు ఇచ్చి, కంటితో చూసి ముల్లు తీయమన్నాడు. నేను వెలుతురుకు తిప్పి వెతికి, పళ్ళతో పట్టి లాగాను. వాడు ట్యూబు అతికాడు, ఇద్దరం కలిసి చక్రం ఎక్కించాం, వంతులవారీగా గాలి కొట్టాం. బయలుదేరేముందు వాడు వేలికి రుమాలు చుట్టుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"అమ్మకు జెప్పకే అన్నా. మల్ల సైకిల్ మార్చమంటది."